రెండో కొక్కెం

“ఆ కాగితం మీద సంతకం నాదే. కాదనను. కానీ నేను ఎంచుకున్న గొట్టం అది కాదు. మధ్యాహ్నం మూడింటికి రండి, గోడ మీద చూపిస్తాను.”

పొద్దున పదకొండూ యాభైకి, పొగగొట్టాల వర్క్‌షాపులో మందాలు కొలిచే గేజి మాస్టారు ఫోన్లో నాతో అన్న మాటలివి. మూడుకి పది నిమిషాల ముందే వర్క్‌షాపుకి వెళ్లాను. అప్పటికే ఆయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మొహం మీద గుడ్డ కప్పేశారు.

గుడ్డ తొలగించి చూశాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఎండలో నడిచొచ్చి కునుకు తీస్తున్న మనిషికి ఉన్నట్టు. వాహనం పొగ పీల్చి పోయినవాళ్ల రంగు అది. “నిద్రపోతోందనే అనుకున్నాను సార్, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి” అని ఒక తల్లి నాతో చెప్పిన మాట గుర్తొచ్చి గుడ్డ మళ్లీ కప్పేశాను.

ఆ తల్లి పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో నర్సు. నాలుగు నెలల కిందట ఆమె భర్త, తొమ్మిదేళ్ల కూతురు అద్దె వ్యాన్లో వెనక సీట్లో నిద్రపోయారు. వెనక చక్రాల ఇరుసు మీదుగా వంపు తిరిగే చోట వ్యాన్ పొగగొట్టం పగిలింది. పొగ నేల చెక్కల సందుల్లోంచి లోపలికి వచ్చింది. కిటికీ తీసుకుని కూర్చున్న డ్రైవరు బతికాడు. వెనక ఇద్దరూ లేవలేదు. ఆ పొగగొట్టం తయారైంది ఈ వర్క్‌షాపులోనే. బండిబండికీ కొలత తీసి పొగగొట్టాలు చేసే చోటు ఇది. తిన్నని గొట్టాలు ఇక్కడే కోస్తారు కానీ వంపులు మాత్రం బయట సప్లయర్ల దగ్గర చేయించుకుంటారు.

ప్రైవేటు డిటెక్టివునని నన్ను వెతుక్కుంటూ వచ్చి నర్సమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. “ఆ వంపును ఎంచుకున్నది ఎవరు?”

వారాల తరబడి తిరిగి నేను కనిపెట్టింది ఒక కాగితం. దాని మీద ‘రెండో నంబరు’ అని రాసి గేజి మాస్టారు సంతకం ఉంది. నాలుగు రోజుల కిందట దాని నకలూ, రెండు పేజీల రిపోర్టూ ఆమె చేతిలో పెట్టాను. నా పనితనం తెలియాలని మాస్టారు ఏ వేళకి ఎక్కడ ఉంటాడో, ఏ గదిలో కూర్చుంటాడో, ఆ గది ఎలా ఉంటుందో అంతా గీతలు గీసి మరీ రాశాను.

“బావా, వచ్చావా? ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి.

ఇన్‌స్పెక్టర్ మా ఆవిడ తమ్ముడు. ఆరేళ్ల కిందట నన్ను పోలీసు ఉద్యోగంలోంచి ఊడబెరికినప్పుడు నా కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని వచ్చి కూర్చున్న మహానుభావుడు వీడే. ఆదివారం మా ఇంట్లో భోంచేస్తాడు, సోమవారం నా సాక్షుల్ని బెదిరిస్తాడు.

“ప్రమాదం,” అన్నాడు. “రోజూలాగే ఒంటిగంటకి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పొగను బయటికి లాగే ఫ్యాన్ కాలిపోయింది. చెవులకి చప్పుడు వినపడకుండా అవేవో తగిలించుకున్నాడు కాబట్టి ఫ్యాన్ ఆగినట్టు తెలీలేదు. రెండూ అయిదుకి కోత మేస్త్రి షట్టర్ ఎత్తేసరికి అయిపోయాడు. అయిదింటికల్లా ఫైలు కట్టేస్తాను.”

“ఫ్యాన్ ఎందుకు కాలిపోయింది?”

“ఫ్యాన్లు కాలిపోతాయి బావా. మీ ఇంట్లో రెండు కాలిపోయాయటగా. అక్క చెప్పింది.”

“మా ఇంట్లో మనిషి పోలేదు. ఈ ఫ్యాన్ గాలిని ఎక్కడికి వదులుతుందో చూశావా?”

“బయటికి.”

“బయటికంటే ఎక్కడికి?”

వాడు టోపీ సర్దుకున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు.

“నువ్వు ఈ గది చూసుకో బావా. చూసి నచ్చినంతసేపు ఊహించుకో. వట్టి చేతుల్తో ఏదీ ముట్టుకోకు,” అని జేబులోంచి గ్లౌజులు తీసి నా మీదకి విసిరాడు. అక్క మొగుణ్ని కాబట్టి ఆ మాత్రం మర్యాద.

టెస్టు గది పన్నెండడుగులు ఉంటుంది. మధ్యలో ఇనప స్టాండు మీద ఇంజన్. కొత్తగా చేసిన ప్రతి పొగగొట్టాన్నీ దానికి బిగించి గంటసేపు నడిపి చూస్తారు. చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది కాబట్టి అందరూ క్యాంటీన్‌కి వెళ్లే ఒంటిగంట నుంచి రెండింటి వరకు మాస్టారు ఒక్కడే షట్టర్ దింపుకుని ఆ పని చేస్తాడు. పొగగొట్టం చివర ఒక వెడల్పాటి రేకు గొట్టంలోకి వదులుగా దూరి ఉంది, చొక్కా చేతిలో చెయ్యి ఉన్నట్టు. రేకు గొట్టం వెనక గోడలోని ఫ్యాన్‌కి వెళ్తుంది. ఫ్యాన్ తీగ చుట్ట నల్లగా మాడిపోయింది.

ఎడమ గోడకి ఒక చెక్క బోర్డు, దానికి మూడు కొక్కేలు. కొక్కేలకి ఒకటి, రెండు, మూడు అని రేకు చీటీలు. ఒక్కో కొక్కేనికి నిలువునా సగానికి కోసిన గొట్టపు వంపు ఒకటి వేలాడుతోంది.

సప్లయర్‌ని ఎంచుకోవడానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. అది పెట్టింది వర్క్‌షాపు యజమాని, పెద్దాయన. సప్లయర్లందరికీ ఒకే కొలత ఇచ్చి తలా ఒక వంపు చేయించి తెప్పిస్తారు. వాటి మీద పేర్లు ఉండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా బీరువాలో ఉంటుంది. చుట్టం పేరో స్నేహితుడి పేరో కనపడితే చెయ్యి మెత్తబడుతుందని పెద్దాయన భయం. వంపును నిలువునా కోసి మాస్టారు లోపలి మందం కొలుస్తాడు. గొట్టం వంచినప్పుడు బయటివైపు లోహం సాగి పలచబడుతుంది. వంచేటప్పుడు లోపల గుండ్ల కడ్డీ పెడితే ఆ పలచన తగ్గుతుంది. పెట్టకపోతే ఆ చోటే ఒక రోజు వేడికీ కుదుపుకీ పగులుతుంది. మాస్టారు నంబరు రాసి సంతకం పెట్టాక ఆ సగం ముక్క గోడ మీద నమూనాగా ఉండిపోతుంది. తర్వాత వచ్చే సరుకును దింపుకునేవాళ్లు దానితో పోల్చి చూసుకుంటారు. మాస్టారికి మళ్లీ ఆ బోర్డుతో పనిలేదు.

పగిలిన వంపు పెద్దాయన అల్లుడిగారి అన్న షెడ్డు నుంచి వచ్చిందని నాకు ముందే తెలుసు. పెద్దాయన పక్షవాతంతో మంచాన పడ్డాక రెండేళ్లుగా వర్క్‌షాపు నడుపుతున్నది ఆ అల్లుడే. అయినా పేర్లు లేని ఎంపిక కదా, చుట్టరికం ఎలా పనిచేస్తుందని నేను దాన్ని పక్కన పెట్టాను. పప్పులో కాలు వేసింది అక్కడే.

మాస్టారి బల్ల మీద ఒక చిన్న టార్చి, మందం కొలిచే గేజి, చిత్తు కాగితం ఉన్నాయి. కాగితం మీద ఆయన ముత్యాల్లాంటి దస్తూరీలో రెండే వరుసలు. ‘రెండు: మూడు గాట్లు. మూడు: రెండు గాట్లు.’

“ఇదేమిటి?” అన్నాను.

“ఏవో కొలతలు. ఇక్కడ ఏ కాగితం చూసినా అంకెలే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“గాట్లు అని రాసుంది.”

“గాట్లు కూడా కొలుస్తారేమో. నీకంత అనుమానంగా ఉంటే మేస్త్రిని అడుగు. నాకు చెప్పాల్సిందంతా చెప్పేశాడు.”

కోత మేస్త్రి బయట రంపం మిషను పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్లుగా మాస్టారికి వంపులు కోసి ఇస్తున్నది ఆయనే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

“ఒంటిగంటకి మీరెక్కడున్నారు మేస్త్రీ?”

“ఇక్కడే బాబూ. నేను క్యాంటీన్‌కి పోను, ఇంటి నుంచి తెచ్చుకుంటాను. ఈ మిషను పక్కనే తింటాను.”

“ఏమన్నా వినపడిందా?”

“ఇంజన్ చప్పుడు రోజూ వినేదే. ఒంటిగంటా పదికి ఫ్యాన్ మూలిగింది. అప్పటిదాకా బానే తిరుగుతోంది. ఉన్నట్టుండి బరువెక్కినట్టు మూలగడం మొదలెట్టింది. ఓ పావుగంట మూలిగి ఆగిపోయింది.”

“టైము అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?”

“ఒంటిగంటా పదికి మాత్ర వేసుకోవాలి, షుగరు. గ్లాసు ఎత్తుతుంటే మూలిగింది.”

“ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?”

“ఫ్యాన్ ఆగిందా అని అడిగారు. ఆగిందన్నాను. అంతకుమించి అడగలేదు.”

నేను వెనక్కి తిరిగి మా బావమరిదిని చూశాను. వాడు పైకప్పు చూస్తున్నాడు.

“గాట్లంటే ఏమిటి మేస్త్రీ? మాస్టారు గాట్లని రాసుకున్నారు.”

ముసలాయన తల వంచుకుని ప్యాంటు మీది లోహపు పొడి దులుపుకున్నాడు. “అది మా ఇద్దరికే తెలుసు బాబూ. ఒకసారి బోర్డు మీద చీటీ ఊడిపోయి ఏది ఏదో తెలీక రెండ్రోజులు తల పట్టుకున్నాం. అప్పట్నుంచీ, నేను కోసి ఇవ్వగానే మాస్టారు ఆకురాయి తీసుకుని ముక్క లోపలి అంచున గాట్లు పెట్టేవాడు. ఒకటో దానికి ఒకటి, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు. లోపలికి వేలు పెట్టి తడిమితే తప్ప తెలీదు. పెద్దాయనకి కూడా చెప్పలేదు, నవ్వుతాడని.”

నేను మళ్లీ టెస్టు గదిలోకి నడిచాను. ఇన్‌స్పెక్టర్ నా వెనకే వచ్చాడు. రెండో కొక్కెం మీది ముక్క తీసి లోపలి అంచున వేలు పెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడో కొక్కెం మీదిది తీశాను. రెండే ఉన్నాయి. మాస్టారి గేజి తీసుకుని మందం చూశాను. మూడో కొక్కెం మీది ముక్క సంతకం కాగితంలో రాసినంతే, ఒకటి పాయింటు మూడు ఎనిమిది మిల్లీమీటర్లు. రెండో కొక్కెం మీదిది సున్నా పాయింటు ఎనిమిది కూడా లేదు. లోపలి మడతలో ముడతలు పడి ఉంది.

“చెప్తే నాకూ అర్థమవుతుంది బావా,” అన్నాడు వాడు.

“మాస్టారు రెండో నంబరు ఎంచుకుని సంతకం పెట్టాడు. అప్పుడు రెండో కొక్కెం మీద ఉన్నది ఈ మంచి ముక్క. ఆయన అటు వెళ్లగానే ఎవరో రెండు ముక్కలూ అటూ ఇటూ మార్చేశారు. బీరువాలో జాబితా కూడా మార్చేశారు. దాంతో చెత్త సప్లయర్ రెండో నంబరు అయిపోయాడు. వాడి సరుకు వస్తే పోల్చుకోవడానికి గోడ మీద వాడి చెత్త ముక్కే ఉంది. ఎప్పుడు చూసినా సరిపోతుంది. ఆ సరుకులో ఒక వంపు ఒక పాపని, తండ్రిని తినేసింది. మాస్టారు నాలుగు నెలల్నుంచీ సప్లయరే నమూనా ఒకటి చూపించి సరుకు ఇంకోటి పంపాడనుకుంటున్నాడు. ఇవాళ పొద్దున ముక్క తీసి లోపల తడిమాడు.”

చెప్తూ చెప్తూ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను ఆ మనిషి గురించి నాలుగు రోజుల కిందట ఏం రాశానో నాకు తెలుసు. ‘నిర్ణయం పూర్తిగా ఇతనిదే’ అని రాశాను.

“బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?” అన్నాడు వాడు. ఇప్పుడు వాడి కళ్లు మెరుస్తున్నాయి.

“అల్లుడి దగ్గర. ముందు వెనక సందులోకి రా.”

వెనక సందు మనిషి వెడల్పు ఉంటుంది. ఒక కొస బస్సు స్టాపు వైపు తెరుచుకుంటుంది. వర్క్‌షాపు గోడకి భుజమెత్తున ఫ్యాన్ రంధ్రం ఉంది. అది తెరిచి కనపడాలి. కానీ అక్కడ కనపడింది నీలం ప్లాస్టిక్ షీటు. నాలుగు పొరలుగా మడిచి, రంధ్రం మీద పరిచి, చుట్టూ టేపు వేశారు.

“ఫ్యాన్ కాలిపోయి పొగ నిండలేదురా,” అన్నాను. “నోరు మూసేశారు కాబట్టి పొగ గదిలోకే తిరిగొచ్చింది, లాగలేక లాగలేక ఫ్యాన్ కాలింది. ఒంటిగంటా పదికి ఎవరో ఇక్కడ నిలబడి ఈ పని చేశారు. చేసి బస్సెక్కి వెళ్లిపోయారు.”

వాడు ఈల వేశాడు. నేను టేపు దగ్గరికి మొహం పెట్టాను.

పదకొండు ముక్కలు. అన్నీ ఒకే పొడవు, కత్తెరతో కోసినవి. వర్క్‌షాపులో టేపును పంటితో తెంపుతారు, లేకపోతే రంపపు పళ్లకేసి లాగుతారు. ఇది అలా లేదు. ప్రతి ముక్కకీ ఒక చివర గోరు వెడల్పున లోపలికి మడిచి ఉంది. పట్టుకుని లాగడానికి వీలుగా.

చొక్కా జేబులో పాప ఫోటో ఉన్న కవరు ఉంది. నర్సమ్మ ఇచ్చినప్పుడు దాన్ని తెల్ల ప్లాస్టరుతో అతికించింది. ప్లాస్టరు చివర గోరంత మడత. ఎందుకమ్మా అని అడిగితే, “తీసేవాళ్లు గోటితో గీక్కోకూడదు సార్. చర్మం లాక్కుపోతుంది. ఆస్పత్రి అలవాటు,” అంది. ఆమె డ్యూటీ రెండింటికి మొదలవుతుంది. అదీ నాకు తెలుసు. ఫ్యాన్ నోరు ఎక్కడుంటుందో నేనే బొమ్మ గీసి ఇచ్చాను. ఒంటిగంటకి ఆయన ఒక్కడే ఉంటాడని నేనే రాశాను. తన పాప ఎలా పోయిందో అలాగే పోవాలనుకుంది. పోయినవాడు తప్పు మనిషి.

“ఏముంది బావా అంతసేపు?”

“హత్య ఉంది,” అన్నాను. మిగతాది మింగేశాను.

వాడు గ్లౌజులు తొడుక్కుని టేపు ముక్కలు ఒక్కొక్కటే పీకి సంచిలో వేశాడు. “తీయడానికి భలే సులువుగా ఉందే,” అన్నాడు.

అల్లుడిగారు అద్దాల గదిలో కూర్చుని ఫోన్లో ఎవరికో ధైర్యం చెప్తున్నారు. మమ్మల్ని చూసి పెట్టేశారు. ఇస్త్రీ చొక్కా, మెడలో గొలుసు, గొలుసుకి బీరువా తాళం. నలభై ఏళ్లుంటాయి.

“ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎక్కడున్నారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“క్యాంటీన్లో. పదకొండు మంది నాతో కలిసి తిన్నారు. కావాలంటే అడగండి.”

“అడుగుతాం. తినడానికి గంట పట్టిందా?”

“మధ్యాహ్నం కాస్త నిదానంగా తింటాను సార్. అది కూడా నేరమేనా?”

“ఆ బోర్డు చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు?” అన్నాను నేను.

“నేనెప్పుడూ ముట్టుకోను. అది మావగారి నియమం. మాస్టారు, మేస్త్రి తప్ప ఎవరూ తాకరు.”

రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. చీటీలు కొక్కేలకే వదిలేసి తెచ్చాను. “వీటిలో మీ అన్నగారిది ఏది?”

ఆయన చూపు తిన్నగా ముడతలున్న ముక్క మీదికి పోయింది. క్షణంలో వెనక్కి తెచ్చుకున్నాడు. “నాకేం తెలుసండీ? పేర్లుండవు కదా.”

“ఉండవు. అయినా మీ కళ్లు చెప్పేశాయి. లోపల మాస్టారు గాట్లు పెట్టేవాడని మీకు తెలీదు. మీరు ముక్కలు మార్చారు, గాట్లు మారలేదు.”

అల్లుడిగారి మొహం పాలిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూశాడు, ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు, చివరికి బల్లని చూశాడు.

“అన్న షెడ్డు మూతపడే స్థితిలో ఉంది,” అన్నాడు నెమ్మదిగా. “ఇంట్లో అందరూ వాణ్ని పనికిరాడు అంటుంటే వినలేకపోయాను. అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది, అన్నని నిలబెట్టరా అని. ఒక్క ఆర్డరు దొరికితే నిలబడతాడనుకున్నా. గుండ్ల కడ్డీ వచ్చే నెల పెట్టిస్తానన్నాడు. ఆ నెల రోజులే కదా, సగం మిల్లీమీటరే కదా అనుకున్నాను.”

“సగం మిల్లీమీటరు,” అన్నాను.

“నాకు తెలీదండీ ఇలా అవుతుందని.”

“వ్యాన్ సంగతి తెలిశాక? ఈ నాలుగు నెలలూ?”

ఆయన గొలుసుకున్న తాళం చొక్కా లోపలికి దోపుకున్నాడు. అలాంటి సప్లయర్‌ని ఎంచుకుని తానే పాపని చంపానని నాలుగు నెలలుగా మాస్టారు కుమిలిపోతుంటే ఈ మనిషి రోజూ ఆయన మొహం చూస్తూ, క్యాంటీన్లో నిదానంగా భోంచేశాడు. నా చెయ్యి లేచింది. మా బావమరిది మణికట్టు పట్టుకున్నాడు.

“బావా, అది నా పని,” అన్నాడు చెవిలో. పైకి మాత్రం, “మాస్టారికి ఇవాళ విషయం తెలిసిపోయింది. మీకు చెప్పాడు. మీరు సందులో షీటు కట్టించారు. అవునా?” అన్నాడు.

“లేదు సార్. ఆయన నాతో ఏం చెప్పలేదు. నేను చంపలేదు. ఒట్టు. నేను క్యాంటీన్లో ఉన్నాను.”

“కట్టమంటే కట్టేవాళ్లు దొరకరా? పదండి.”

అల్లుడిగారు నా వైపు తిరిగాడు. “మీరైనా చెప్పండి సార్. నేను ముక్కలే మార్చాను. మాస్టార్ని నేనేం చెయ్యలేదు. మీకు తెలుసు, మీ మొహం చూస్తే తెలుస్తోంది.”

నిజమే, నాకు తెలుసు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. చెయ్యని హత్యకే అనుభవిస్తే ఏం పోయింది అనిపించింది. చేసిన హత్యలకి ఏ చట్టమూ వీణ్ని పట్టుకోదు. సగం మిల్లీమీటరుకి మహా అయితే జరిమానా వేస్తారు. పాప ఫోటో జేబులో గుచ్చుకుంటోంది. నేను తలుపు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను.

గుమ్మం దగ్గర ఆయన ఛాతీ పట్టుకున్నాడు. చెమటలు పట్టాయి. ఊపిరి ఆడట్లేదన్నాడు.

“ఇవన్నీ చాలా చూశాం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “సరే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించాకే లోపలేస్తాను. రేపు కోర్టులో నా మీదకి రాకుండా ఉంటుంది.”

ఆ మాట నేను విన్నాను. ఈ కథలో ఇంకేం మర్చిపోయినా అది మర్చిపోకండి. విన్నాను.

జీపు వెళ్లిపోయాక సందులో నిలబడి నర్సమ్మకి ఫోన్ చేశాను. నాలుగూ నలభై.

“డ్యూటీలో ఉన్నాను సార్, చెప్పండి.”

“టేపు చూశానమ్మా. పదకొండు ముక్కలు. చివరలు మడిచి ఉన్నాయి.”

అటునుంచి చక్రాల బల్ల దొర్లుతున్న చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు. ఆమె ఎక్కడికో పక్కకి నడిచినట్టుంది. చప్పుళ్లు తగ్గాయి.

“మీరు చూస్తారనే అనుకున్నాను,” అంది. “పట్టించండి. నేనేం పారిపోను. నా పాప ఎలా పోయిందో ఆయనకి తెలియాలనుకున్నాను. తెలిసింది. ఇంక నాకు పనిలేదు.”

“ఆయన ఎంచుకున్నది మంచి గొట్టాన్నేనమ్మా.”

“ఏమిటి?”

“ఆయన సంతకం పెట్టాక ముక్కలు మార్చేశారు. ఆయనకి ఇవాళ పొద్దున్నే తెలిసింది. నాకు చూపించడానికి మూడింటికి రమ్మన్నాడు. నేను మీకిచ్చిన పేరు తప్పు. తప్పు నాది.”

అటు ఏదో ఇనప ట్రే కింద పెట్టిన చప్పుడు.

“ఆయనకి పిల్లలున్నారా?”

“ఇద్దరు.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో తడి లేదు.

“మరి ఎవరు?”

ఇక్కడ ఆగాల్సింది. పాతికేళ్లు పోలీసుగా, ఆరేళ్లు సొంతంగా పనిచేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆగలేదు. తప్పు పేరు ఇచ్చానన్న మంట ఒకటి, ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ‘సగం మిల్లీమీటరే కదా’ అన్న మాట ఒకటి, రెండూ కలిసి నా నోరు తెరిపించాయి. నాలాగే రగిలిపోయేవాళ్ల చెవిలో ఆ పేరు పడాలనిపించింది.

“అల్లుడు,” అన్నాను. “తన అన్న కోసం ముక్కలు మార్చింది అతనే. ఒప్పుకున్నాడు. పోలీసులు ఇప్పుడే తీసుకెళ్లారు, పావుగంటయింది.”

“నీలం చొక్కానా సార్?”

ప్రశ్న నాకు వింతగా తోచింది. “అవును, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా. మీకెలా...”

ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండుసార్లు మళ్లీ చేశాను. ఎత్తలేదు. నా స్కూటరు వర్క్‌షాపు గేటు లోపల ఉంది. గేటుకి తాళం వేసి మేస్త్రి ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు స్టాపు దాకా పరుగెత్తాను. ఈ వయసులో పరుగు అంటే ఎలా ఉంటుందో మా ఆవిడని అడగండి, చెప్తుంది. బస్సు లేదు. ఆటో కోసం చెయ్యి ఊపుతుంటే అయిదూ అయిదుకి ఫోన్ మోగింది. బావమరిది.

“బావా, నీకో థాంక్సు బాకీ ఉన్నాను. ఆదివారం తీర్చేస్తా,” అన్నాడు హుషారుగా. “మనవాడు దారంతా గోల. ఇప్పుడు కుదుటపడ్డాడు. బీపీ బాగా పెరిగిందట. డాక్టరు ఏదో రాసిచ్చాడు. నర్సు సూది వేసింది. పసిపాపలా పడుకున్నాడు.”

“ఏ నర్సు?”

“నాకేం తెలుసు? అందరూ తెల్లబట్టల్లోనే ఉన్నారు. నెమ్మదస్తురాలు పాపం. ‘మీ అన్నయ్య కులాసానా’ అని కూడా అడిగింది వాణ్ని.”

ఆ వ్యాన్ కేసు వేరే స్టేషన్‌ది. మా బావమరిది ఆ తల్లి మొహం ఎప్పుడూ చూడలేదు.

“వాడి చెయ్యి చూడరా. సూది గుచ్చిన చోట ప్లాస్టరు వేసిందా?”

“దూది పెట్టి వేసింది. అందరికీ వేస్తారుగా.”

“చివర చూడు. మడిచి ఉందా?”

బూట్ల చప్పుడు వినపడింది. కర్టెన్ రింగులు జరిగిన చప్పుడు.

“ఉంది. గోరంత మడిచింది,” అన్నాడు. “నీకెలా తెలుసు?”

“డాక్టర్ని పిలువు. ముందు వాడికి ఊపిరి ఆడుతోందో లేదో చూడు.”

ఫోన్ ఏదో బల్ల మీద పడిన చప్పుడు. నేను రోడ్డు పక్కన నిలబడి చెవికి ఆనించుకుని వింటున్నాను. నా ముందు ఒక ఆటో ఆగింది, ఎక్కడికి అని అడిగాడు. నేను చెప్పలేదు. అవతలి నుంచి ఏ జవాబు రావాలని ఎదురుచూస్తున్నానో నాకే తెలియలేదు.